మిషను ఒకసారి, స్ట్రిప్పులు జీవితాంతం
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చక్కెర వ్యాధిని గురించి డాక్టర్లు చెప్పవలసినది చాలా ఉన్నది. అది వారే చెప్పాలి. ఉర్దూ బడిలో పిల్లలకు అలిఫ్ బే, ఎక్కాలు చెప్పుకునే మేము మందుల జోలికి పోము. ఈ సభలో మేము విన్నవించుకునేది ఒక్క సంగతే. షుగరు ఉన్న మనిషి తన ఇంట్లో తానే రక్తం పరీక్ష చేసుకోవడం ఎవరికి అవసరం, ఎవరికి అందుతున్నది, ఎవరికి అందడం లేదు, అందనివారికి అందించడానికి మన సంఘం ఏం చేయగలదు? ఇందులో వైద్యం కొంచెం, లెక్క ఎక్కువ. లెక్క మా వృత్తి కనుక ధైర్యం చేస్తున్నాము.

ముందు ఈ వ్యాధి ఎంతమందికి ఉన్నదో చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, అనగా ఐ.సి.ఎం.ఆర్. వారు, దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా జనం షుగరు వ్యాధితో ఉన్నారు. పెద్దవారిలో నూటికి 11 మందికి పైమాటే. పట్నాలు మాత్రమే తీసుకుంటే నూటికి 16 మంది, పల్లెల్లో సుమారు 9 మంది. ఇంకా వ్యాధి అంచున ఉన్నవారు 13 కోట్లకు పైన. కాబట్టి ఇది ధనవంతుల జబ్బు, కూర్చుని తినేవారి జబ్బు అన్న మాట పాతబడిపోయింది. ఆటో నడిపేవారికి, బట్టలు కుట్టేవారికి, మటన్ కొట్టులో నిలబడేవారికి, కూలికి పోయేవారికి కూడా ఇది వస్తున్నది.

ఉర్దూలో మనం దీన్ని జియాబెతుస్ అంటాం, ఇంట్లో షకర్ కీ బీమారీ అంటాం. వెయ్యేళ్ల నాడే ఇబ్నె సీనా తన వైద్య గ్రంథం అల్ ఖానూన్‌లో దీన్ని గురించి రాశాడు. ఆయుర్వేదం దీనికి మధుమేహమని పేరు పెట్టింది. మూత్రానికి చీమలు పట్టడం చూసి జబ్బును పోల్చుకున్న కాలమది. ఆ తరువాత ఎంతో కాలానికి మూత్రాన్ని కాచి చూసే పరీక్ష వచ్చింది. మన పెద్దల్లో కొందరికి జ్ఞాపకం ఉంటుంది. గాజు గొట్టంలో నీలి రంగు బెనెడిక్ట్ ద్రావణం పోసి, 8 చుక్కల మూత్రం వేసి, దీపం మీద కాచేవారు. నీలంగానే ఉంటే చక్కెర లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, ఇటుక రంగుకు వస్తే చాలా ఎక్కువ అని లెక్క.

ఆ పరీక్షలో రెండు లోపాలున్నాయి. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే గాని అది మూత్రంలోకి దిగదు. అంటే 170 ఉన్న మనిషికీ నీలి రంగే, 90 ఉన్న మనిషికీ నీలి రంగే. రెండవది ఇంకా ప్రమాదం. చక్కెర పడిపోయి 40కి వచ్చినా రంగు నీలంగానే ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చిన సంగతి ఆ గొట్టం చెప్పదు. అందుకే రక్తం బొట్టుతో చూసే పద్ధతి కావలసివచ్చింది.

ఆ పద్ధతి వచ్చిన కొత్తలో అది రోగి చేతికి అందలేదు. ఇక్కడ ఒక మనిషి కథ చెప్పుకోవాలి. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు ఉండేవారు. 12 ఏళ్ల వయసులో, 1946లో, ఆయనకు షుగరు వచ్చింది. ఇన్సులిన్ తీసుకుంటున్నా నడివయసు రాకముందే ఒళ్లు దెబ్బతినసాగింది. 1969లో ఒక పత్రికలో ఆయన ఒక ప్రకటన చూశారు. ఒక్క బొట్టు రక్తంతో నిమిషంలో చక్కెర చెప్పే మిషను అది. దాదాపు కిలోన్నర బరువు, ధర 650 డాలర్లు. కాని దాన్ని డాక్టర్లకు, ఆసుపత్రులకు మాత్రమే అమ్మేవారు, రోగికి అమ్మరు. బెర్న్‌స్టీన్ భార్య డాక్టరు. ఆమె పేరు మీద మిషను తెప్పించుకొని, రోజుకు ఐదారుసార్లు తన రక్తం తానే చూసుకొని, ఏ తిండికి ఎంత పెరుగుతున్నది, ఏ మోతాదుకు ఎంత తగ్గుతున్నది రాసిపెట్టుకున్నారు. ఆరోగ్యం కుదుటపడింది. ఇంజనీరు రాసినది ఏ వైద్య పత్రికా అచ్చువేయదని తెలుసుకొని, 45 ఏళ్ల వయసులో వైద్య కళాశాలలో చేరి డాక్టరయ్యారు. 2025లో 90 ఏళ్లు నిండి చనిపోయారు. చిన్ననాడు షుగరు వచ్చిన మనిషి 90 ఏళ్లు బ్రతికారంటే ఆ బొట్టు రక్తం విలువ ఎంతటిదో ఆలోచించండి.

ఒక మనిషి అనుభవం చాలదని ఎవరైనా అనవచ్చు. 1993లో అమెరికా, కెనడాల్లో 1,441 మందితో చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. రోజుకు నాలుగుసార్లైనా రక్తం చూసుకుంటూ ఇన్సులిన్ సరిచేసుకున్నవారిలో కంటి జబ్బు వచ్చే ప్రమాదం నాలుగింట మూడు వంతులు తగ్గింది. మూత్రపిండాలకు, నరాలకు కలిగే నష్టం కూడా బాగా తగ్గింది. 1998లో ఇంగ్లండులో, పెద్ద వయసులో వచ్చే రకం షుగరు మీద చేసిన పరిశోధన కూడా చక్కెరను అదుపులో పెడితే ఈ నష్టాలు తగ్గుతాయని చెప్పింది.

ఇక మన ఊళ్ల సంగతికి వద్దాం. రుద్రవరం వైపు పల్లె నుంచి ఒక బీద మనిషి ఆళ్లగడ్డకు రక్తపరీక్షకు రావాలంటే ఏం జరుగుతుంది? పరగడుపున బయలుదేరాలి. బస్సో ఆటోనో దొరికి ల్యాబు చేరేసరికి పొద్దెక్కుతుంది. ఒకసారి రక్తం ఇవ్వాలి. తరువాత ఏదైనా తిని రెండు గంటలు కూర్చోవాలి. మళ్లీ రక్తం ఇవ్వాలి. కాగితం తీసుకునేసరికి మధ్యాహ్నం. ఆ రోజు కూలి పోయింది, చార్జీ పోయింది, ల్యాబు ఫీజు పోయింది. ఆడమనిషైతే వెంట ఇంకొకరు రావాలి, వారి కూలి కూడా పోయింది. ఇంతా చేసి చేతికి వచ్చేది ఆ ఒక్క రోజు సంగతి. ఇది నెలలో ఒక రోజు హాజరు వేసి, మిగతా 29 రోజులూ రిజిస్టరు ఖాళీగా వదిలేసినట్టు. అలాంటి రిజిస్టరును ఏ తనిఖీ అధికారి ఒప్పుకుంటాడు?

మూడు నెలల సగటు చెప్పే హెచ్.బి.ఎ.1.సి. పరీక్ష ఉన్నది గదా అని అడుగుతారు. ఉన్నది, చేయించుకోవాలి కూడా. ఐతే అది సగటు మార్కు. ఒక పిల్లవాడికి లెక్కల్లో 35, ఉర్దూలో 95 వస్తే సగటు 65. సగటు చూసి సంతోషిస్తే వాడు లెక్కల్లో మునిగిపోతున్న సంగతి తెలియదు. షుగరు కూడా అంతే. పగలు 300కు పోయి రాత్రి 50కి పడే మనిషికి సగటు అందంగా కనిపించవచ్చు.

షుగరు మిషను ధర చూసి భయపడనక్కర లేదు. కొన్ని వందల రూపాయల నుంచి దొరుకుతున్నది. అల్లుడు కొనిపెడతాడు, దుబాయిలో ఉన్న కొడుకు పంపిస్తాడు. అసలు చిక్కు స్ట్రిప్పుల దగ్గర. లాంతరు చవకగా ఇచ్చి కిరసనాయిలు ప్రియంగా అమ్మిన చందాన, మిషను తక్కువకు ఇచ్చి స్ట్రిప్పుల మీద రాబట్టుకోవడం ఈ వ్యాపారం పద్ధతి. ఒక కంపెనీ స్ట్రిప్పు ఇంకొక కంపెనీ మిషనుకు పనిచేయదు. నేడు బజారులో ఒక స్ట్రిప్పు, రకాన్ని బట్టి, కొన్న చోటును బట్టి, 10 నుంచి 25 రూపాయల దాకా పడుతున్నది.

సగటున 15 రూపాయలు అనుకొని బోర్డు మీద లెక్క వేద్దాం. పుట్టుకతో కాకపోయినా చిన్ననాడే షుగరు వచ్చిన పిల్లకు రోజుకు 4 పరీక్షలు కావాలి. నెలకు 120 స్ట్రిప్పులు, 1,800 రూపాయలు. ఏడాదికి 21,600. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ తీసుకునే పెద్దమనిషి రెండు పరీక్షలు చేసుకున్నా నెలకు 900. బట్టలు కుట్టి బ్రతికే ఇంట్లో ఈ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే ఏం జరుగుతున్నది? మిషను బీరువా మీద ఉంటుంది. స్ట్రిప్పుల డబ్బా అయిపోయి ఎన్ని నెలలైందో ఎవరికీ గుర్తుండదు. కళ్లు తిరిగినప్పుడు షుగరు ఎక్కువైందో తక్కువైందో తెలియదు. అంచనా మీద సూది వేసుకుంటారు. ఈ అంచనా వ్యవహారమే ప్రాణాలు తీస్తున్నది.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని మేము అనడం లేదు. 30 ఏళ్లు దాటినవారికి షుగరు, రక్తపోటు చూసే కార్యక్రమం దేశమంతటా నడుస్తున్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతే బొట్టు రక్తం తీసి ఉచితంగా చూస్తారు, మాత్రలిస్తారు. మన నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. ఈ సదుపాయాలను వదులుకోకుండా వాడుకోవాలి.

ధరల విషయంలో కూడా కొన్ని అడుగులు పడ్డాయి. 2014 జనవరిలో ఐ.సి.ఎం.ఆర్. ప్రోత్సాహంతో మన దేశంలోనే తయారుచేసిన మిషన్లను కేంద్ర ఆరోగ్యమంత్రి విడుదల చేశారు. వాటిలో ఒకటి హైదరాబాదులోని బిట్స్ పిలానీ వారిది. స్ట్రిప్పు 2 నుంచి 4 రూపాయలకే వస్తుందని అప్పుడు చెప్పారు. ఆ ధర మన బజారు దాకా రాలేదు. 2021 జులైలో గ్లూకోమీటరుతో సహా ఐదు రకాల వైద్య పరికరాల మీద వర్తకుల లాభానికి కేంద్రం హద్దు పెట్టింది. 2025 సెప్టెంబరు 22 నుంచి మిషను మీద, స్ట్రిప్పుల మీద జి.ఎస్.టి. నూటికి 12 నుంచి 5కు తగ్గింది. పన్ను కాక 1,000 రూపాయలుండే సరుకు మీద 70 రూపాయలు మిగలాలి. కొనేటప్పుడు డబ్బా మీద ధర చూసి అడగండి. జన ఔషధి దుకాణాల్లో కూడా ఒకసారి విచారించండి.

ఐనా ఒక మాట చెప్పక తప్పదు. డయాలిసిస్ చేయించుకునేవారికి మన రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నది. అది మంచి పని, ఇవ్వవలసినదే. మూత్రపిండాలు చెడిపోవడానికి ముఖ్య కారణాల్లో షుగరు ఒకటి. మూత్రపిండాలు పోయాక 10,000 ఇస్తున్నాం, పోకముందు నెలకు 900 రూపాయల స్ట్రిప్పులు మాత్రం ఇవ్వలేకపోతున్నాం. మా బడిలో ఐదో తరగతి పిల్లలకు ఈ లెక్క ఇస్తే ఏది లాభమో వాళ్లే చెప్తారు.

ఇది జరగని పని కాదు. పొరుగున కేరళ ప్రభుత్వం చిన్ననాటి షుగరు ఉన్న పిల్లల కోసం ఒక పథకం నడుపుతున్నది. దాని పేరు "మిఠాయి". చక్కెర తినకూడని పిల్లల పథకానికి మిఠాయి అని పేరు పెట్టారంటే వారి ప్రేమ అట్టిది. ఇన్సులిన్‌తో పాటు చక్కెర చూసుకునే సాధనాలు కూడా పిల్లలకు ఇస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ఒక లక్ష్యం పెట్టుకున్నది. 2030 నాటికి చిన్ననాటి రకం షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ, అనగా నూటికి నూరుమందికీ, ఇన్సులిన్, ఇంటి దగ్గర రక్తపరీక్ష రెండూ అందుబాటు ధరకు దొరకాలని. ఇన్సులిన్, పరీక్ష జోడెద్దుల వంటివని ప్రపంచమే ఒప్పుకున్నది. ఒక ఎద్దును కట్టి బండి తోలమంటే ఎట్లా?

ఐతే షుగరు ఉన్న ప్రతివారూ రోజూ వేలు పొడుచుకోవాలని మా ఉద్దేశం కాదు. ఈ తేడా జాగ్రత్తగా వినండి. మన సొమ్ము పరిమితం కనుక ఎవరికి ముందు అన్నది తేల్చుకోవాలి.

ఇన్సులిన్ తీసుకునేవారికి, వారిలోనూ పిల్లలకు, పరీక్ష తప్పనిసరి. గర్భిణీగా ఉండగా షుగరు వచ్చిన ఆడవారికి తప్పనిసరి. షుగరును బాగా పడగొట్టే మాత్రలు కొన్ని ఉన్నాయి, అవి వాడేవారు డాక్టరుగారు చెప్పినట్టు చూసుకోవాలి. ఇక మామూలు మాత్రలతో అదుపులో ఉన్నవారికి రోజూ పరీక్ష వల్ల పెద్ద ప్రయోజనం లేదని 2017లో అమెరికాలో 450 మందితో చేసిన పరిశోధన తేల్చింది. వారు వారానికి ఒక రోజు పరగడుపున, తిన్న రెండు గంటలకు చూసుకుంటే నెలకు 8 స్ట్రిప్పులు, 120 రూపాయలు. ఏది తింటే తమ ఒంటికి ఎంత పెరుగుతున్నదో తెలుసుకోవడానికి అది చాలు. బంగినపల్లి మామిడి మన జిల్లా పండు, దాన్ని పూర్తిగా మానమని మేము అనలేం. ఒక ముక్క తిన్న రోజు ఎంత, రెండు కాయలు తిన్న రోజు ఎంత అని మిషను చెప్తుంది. బిరియాని తిన్న రోజు, జొన్నరొట్టె తిన్న రోజు, కొర్రన్నం తిన్న రోజు చూసుకోండి. సూర్యనంది అనే కొర్ర రకం మన నంద్యాల పరిశోధనా స్థానంలో పుట్టినదే, మన పళ్లెంలోకే ఇంకా సరిగా రాలేదు.

ఇప్పుడు రమజాన్ సంగతి. ఇది మన సభలో తప్పక చెప్పవలసినది. 2001లో 13 దేశాల్లో 12,243 మంది షుగరు రోగులను విచారించి ఒక పరిశోధన చేశారు. పెద్ద వయసు రకం షుగరు ఉన్నవారిలో నూటికి 79 మంది రోజాలుంటున్నారని తేలింది. షుగరు ప్రమాదకరంగా పడిపోవడం మామూలు రోజులకంటే రమజాన్‌లో వారిలో ఏడున్నర రెట్లు ఎక్కువైంది. చిన్ననాటి రకం వారిలో దాదాపు ఐదు రెట్లు.

రోజాలో ఉండి వేలు పొడుచుకుంటే రోజా పోతుందేమోనని మనవాళ్లు చాలామంది పరీక్ష మానుకుంటున్నారు. ఈ అపోహ తీసేయాలి. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 1997లో జిద్దాలో సమావేశమై, పరీక్ష కోసం రక్తం తీయడం వల్ల రోజా భంగం కాదని నిర్ణయించింది. డాక్టర్లు, ఉలమాలు కలిసి రూపొందించిన మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తున్నాయి. అంతేకాదు, పరీక్షలో 70 కంటే తక్కువ వచ్చినా, 300 కంటే ఎక్కువ వచ్చినా వెంటనే రోజా విరమించాలని కూడా చెప్తున్నాయి. ఇఫ్తార్‌కు ఇంకా పది నిమిషాలే కదా అని ఆగరాదు.

మా తోటి ఉపాధ్యాయులొకరు ఇన్సులిన్ మీద ఉన్నవారు. ఒక రమజాన్ మధ్యాహ్నం తరగతిలో ఉండగా ఆయనకు చెమటలు పట్టాయి, మాట తడబడింది, ఊరకే కోపం వచ్చింది. రోజా నీరసమని అందరూ అనుకున్నారు. పక్క గదిలో ఒకరి సంచీలో మిషను ఉండబట్టి చూడగా 48 వచ్చింది. చక్కెర నీళ్లు తాగమంటే ఆయన ఒప్పుకోలేదు. ఇన్నేళ్లలో ఒక్క రోజా వదలలేదని కంటనీరు పెట్టుకున్నారు. మిషనులో అంకె చూపించిన తరువాతనే తాగారు. రోగికి, ప్రయాణికునికి ఖురాన్ షరీఫే సడలింపు ఇచ్చింది. రోజా ఖజా చేసుకోవచ్చు, ప్రాణానికి ఖజా లేదు. ఆ రోజు ఆయనకు నచ్చజెప్పింది మా మాటలు కాదు, ఆ అంకె.

షుగరు ఉండి రోజాలు ఉండదలచినవారు నెలా రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. ఉండవచ్చునా లేదా, మందు ఏ వేళకు మార్చాలి అని అడగాలి. ఉండేవారు పొద్దున, మధ్యాహ్నం, ఇఫ్తార్ ముందు, ఇఫ్తార్ తరువాత రెండు గంటలకు చూసుకోవాలి, ఏ మాత్రం తేడాగా అనిపించినా ఆ క్షణంలోనే చూసుకోవాలి. ఆ ఒక్క నెలకు స్ట్రిప్పులు ఎక్కువే కావాలి. ఇఫ్తార్ విందులకు మనం ఎంత ఖర్చుపెడుతున్నామో అందరికీ తెలుసు. అందులో కొంత ఇటు మళ్లిస్తే బాగుంటుంది.

మన ఇళ్లలో ఇంకొక కష్టం ఉన్నది, అది బయటికి చెప్పుకోలేనిది. ఆడపిల్లకు షుగరు అని తెలిస్తే సంబంధాలు రావని తల్లిదండ్రులు దాచిపెడతారు. దాచిపెట్టిన పిల్ల బడిలో సంచీలోంచి మిషను తీయదు. కళ్లు తిరుగుతున్నా బిస్కట్టు తినడానికి లేవదు. అటువంటి పిల్లలు తరగతిలో మగతగా కూర్చుంటే చదువు మీద శ్రద్ధ లేదనుకుంటారు. తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. ఊరందరికీ చెప్పకండి, టీచరుకు మాత్రం చెప్పండి. మా తోటి ఉపాధ్యాయులకు కూడా మనవి. ఆ పిల్ల పరీక్ష చేసుకోవడానికి, తినడానికి అనుమతి అడగనక్కర లేకుండా చూడండి. అది అంటువ్యాధి కాదని మిగతా పిల్లలకు చెప్పండి.

ఆడవారికి ఇంటి పరీక్ష వరం వంటిది. ల్యాబుకు పోవడానికి మగతోడు కోసం కాచుకోనక్కర లేదు. ఐతే మిషను డబ్బాలోని కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, మన అమ్మలకు ఉర్దూ తప్ప రాదు, కొందరికి అదీ రాదు. దీనికి మందు మన ఇంట్లోనే ఉన్నది. ఏడో తరగతి చదివే కొడుకో కూతురో అంకె చదవగలరు. ఒక నోటుబుక్కు తీసి నాలుగు గీతలు గీయండి. తేదీ, పరగడుపా తిన్న తరువాతా, అంకె, ఏం తిన్నారు. ఉర్దూలో రాసినా సరే. నిహార్ ముఁహ్ అని ఒక పక్క, ఖానే కే బాద్ అని ఒక పక్క. ఆ పుస్తకం డాక్టరు ముందు పెడితే ఆయన పని సగమవుతుంది. సామాన్యంగా పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలంటారు. ముసలివారికి, పిల్లలకు, గర్భిణీలకు హద్దులు వేరు, అవి డాక్టరే చెప్పాలి.

పరీక్ష చేసుకునే పద్ధతిలో కొన్ని జాగ్రత్తలు. సబ్బుతో చేయి కడిగి బాగా తుడుచుకోవాలి. పండు కోసిన చేత్తో చూసుకుంటే వేలి మీది తీపి కూడా లెక్కలోకి వచ్చి అంకె పెరుగుతుంది. వేలి కొసన కాకుండా పక్కన పొడవాలి, నొప్పి తక్కువ. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే బిగించాలి, గడువు తేదీ చూడాలి. మన నంద్యాల ఎండలు మీకు తెలియనివి కావు. సాధారణంగా స్ట్రిప్పులు 30 డిగ్రీల లోపు ఉంచాలని డబ్బా మీదే రాసి ఉంటుంది. కిటికీ దగ్గర, స్కూటరు డిక్కీలో పెట్టరాదు. ల్యాబు అంకెకు, మిషను అంకెకు నూటికి 15 వరకు తేడా రావచ్చు, కంగారు పడవద్దు. 70 కంటే తక్కువ వస్తే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయరాదు, ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అన్నిటికంటే ముఖ్యం సూది. ఒకరి సూది ఇంకొకరికి వాడరాదు. సూది మార్చినా సరే, పొడిచే పెన్ను కూడా ఒకరిదే ఉండాలి. మొగుడూ పెళ్లాలైనా అంతే. కామెర్ల వ్యాధి రక్తం ద్వారా పాకుతుంది. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూతపెట్టాలి. చెత్తలో పారేస్తే రేపు చెత్త ఎత్తే మనిషి చేతిలో దిగుతుంది.

ఇక సంఘం ముందు మా సూచనలు. మొదటిది, నంద్యాల, ఆళ్లగడ్డ శాఖలు రెండూ ఇన్సులిన్ మీద ఉన్న బీదవారి జాబితా తయారుచేయాలి. ఆ పని మహిళా సభ్యులకు అప్పగించాలి, పేర్లు గుట్టుగా ఉండాలి. రెండవది, ఒక స్ట్రిప్పుల నిధి పెట్టాలి. 20 మంది తేలారనుకోండి. రోజుకు రెండు చొప్పున నెలకు 1,200 స్ట్రిప్పులు, 15 రూపాయల లెక్కన 18,000. సగం రోగి పెట్టుకుంటే సగం నిధి పెట్టాలి, అనగా 9,000. 100 కుటుంబాలు నెలకు 90 రూపాయలు ఇస్తే చాలు. రోజుకు 3 రూపాయలు. జకాత్ సొమ్ము ఏ తీరున వాడవచ్చునో ఇమామ్ సాబును అడిగి చేద్దాం. సదకాకైతే ఎవరి అనుమతీ అక్కర లేదు.

మూడవది, అందరికీ ఒకే రకం మిషను ఎంచుకొని స్ట్రిప్పులు టోకున కొనాలి. మిషను ధర కాదు, ముందు స్ట్రిప్పు ధర అడగాలి, అది ఆళ్లగడ్డలో ఎప్పుడూ దొరుకుతుందా అని అడగాలి. నాలుగవది, నెలకు ఒక శుక్రవారం నర్సు పర్యవేక్షణలో పరీక్షల బల్ల వేయాలి. ఇరుగుపొరుగు హిందూ సోదరులు, క్రైస్తవ సోదరులు ఎవరు వచ్చినా చేయాలి. చక్కెర వ్యాధి మతం అడిగి రాదు. ఐదవది, ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు, బీదవారికి ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారానే స్ట్రిప్పులు ఇంటికి ఇవ్వాలని కోరుతూ కలెక్టరుగారికి, శాసనసభ్యులకు ఈ సభ తరఫున అర్జీ పెట్టాలి. మన నిధి ఎంత పెరిగినా కొందరికే చాలుతుంది, ప్రభుత్వం తలచుకుంటేనే అందరికీ అందుతుంది.

తీర్మానాలు చేయడం సులభం, వాటిని నడిపించడమే కష్టమని మనకు అనుభవం. కనుక ఈ ఐదింటిలో జాబితా పని ఈ నెలలోనే మొదలుపెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. వచ్చే రమజాన్ నాటికి ఇన్సులిన్ తీసుకునే ఏ బీద ఇంట్లోనూ స్ట్రిప్పుల డబ్బా ఖాళీగా ఉండకూడదు. నోటుబుక్కులకు గీతలు గీసి, రాసే పద్ధతి పిల్లలకు నేర్పే పని మా ఉపాధ్యాయులం తీసుకుంటాము.

 రోగులందరికీ అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక.